ఒక్క రింగు

టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఆయన్ని వీధంతా ఎక్స్ఛేంజీ బాబాయి అంటారు. ఏళ్ళ తరబడి రిసీవర్ ఆనించీ ఆనించీ మెడ కుడివైపుకి వాలిపోయింది. కూరగాయలు బేరమాడుతున్నా లైను పరీక్షిస్తున్నట్టే ఉంటాడు. ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా హాల్లో ఫోన్ని రుమాలుతో తుడుస్తాడు, ఎత్తి టోను వింటాడు, తృప్తిగా పెట్టేస్తాడు. భార్య సెల్లుని మాత్రం ఆ ఫోను నెత్తిన వచ్చిపడ్డ సవతిలా చూస్తాడు. ఆవిడ అందులో ఇంటర్నెట్ కాల్ పెట్టుకుని వాళ్ళక్కతో పగలబడి నవ్వుతుంటే ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. "మా తీగల మీదే ఊరేగుతూ మాకే పైసా విదల్చరు, పైగా ఇకఇకలొకటి!" అని గొణుక్కుంటాడు.

ఈమధ్య కంపెనీ మీటింగులో ఆ కాల్స్‌కి వేగం తగ్గించేద్దామా అని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈయనే. తగ్గించారు. ఆ సాయంత్రమే అక్కగారి మాట గరగరలాడి, ముక్కలు ముక్కలై ఆగిపోయింది. భార్య విసుక్కుంటూ లేచి హాల్లో ఫోనెత్తి నంబరు నొక్కింది. బాబాయి పేపరు చాటున ముసిముసిగా నవ్వుకున్నాడు. అటు ఒక్క రింగు వెళ్ళిందో లేదో ఆవిడ టక్కున పెట్టేసింది.

"అదేంటి, మాట్లాడవా?"

"ఒక్క రింగిస్తే మళ్ళీ నెట్లోకి రమ్మని గుర్తండీ. పోన్లెండి, మీ ఫోను దీనికైనా పనికొస్తోంది."

సెల్లు మోగింది. ఆ గరగరల మధ్యే మళ్ళీ నవ్వులు. బాబాయి లేచి రుమాలు తీశాడు. ఈసారి తుడవలేదు, మొహం దాచినట్టు ఫోను మీద కప్పేశాడు.