పడవల ఫోటోలో పోలయ్య

నాగాయలంక దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెకు మొదటిసారి వెళ్ళింది కొత్త కెమెరాను పరీక్షించడానికి. ఇరవై ఒక్క మెగాపిక్సెళ్ళు! వేట నుంచి వచ్చే పడవల్ని అతి పెద్ద సైజులో తీసి, టీ ఇచ్చిన నాగమణి అనే ఆమెకు నా నంబరు ఇచ్చి వచ్చాను. రెండోసారి వెళ్ళింది ఆమె ఫోన్ చేస్తే. ఆమె భర్త పోలయ్య వెళ్ళిన పడవ తిరగబడిందట. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు. అతని శవం కూడా దొరకలేదు. "ఇంట్లో ఒక్క ఫోటో లేదండీ. ఆ రోజు మీరు తీసినవాటిలో ఉన్నాడేమో చూస్తారా?" అంది. నేను పోలయ్యను ఎరగను. అందుకే ల్యాప్‌టాప్ తీసుకుని బయలుదేరాను.

విజయవాడలో ఆరింటికి అవనిగడ్డ బస్సెక్కితే చల్లపల్లి మీదుగా తొమ్మిదింటికల్లా దిగొచ్చు. అక్కడి నుంచి నాగాయలంకకు ఇంకో బస్సు, ఆపైన షేర్ ఆటో. పల్లె పేరు చెప్పగానే డ్రైవర్ "పోలయ్య వాళ్ళింటికాండీ?" అన్నాడు.

ఇంట్లో నాగమణి, ఆమె మామగారు ఉన్నారు. మొదటి ఫోటోలో మనుషులు చీమల్లా ఉన్నారు. పెద్దది చేస్తూ పోయాను. తాడు లాగుతున్న మనిషిని చూసి పెద్దాయన "అడుగో, మావోడే!" అని తెర మీద వేలు పెట్టాడు.

"ఇంకొంచెం పెద్దది చేయండి" అంది నాగమణి. చేశాను. కనుబొమలు, గడ్డం స్పష్టంగా వచ్చాయి. "కాదు మావయ్యా. పక్కింటి సుబ్బారావు."

పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఫోటో మసగ్గా ఉంటే కాసేపైనా కొడుకును చూసుకునేవాడు.

బ్యాటరీ అయిపోవస్తుండగా ఆమె "ఆగండాగండి" అంది. ఒక ఫోటో అంచున ఒకతను మనవైపు వీపు పెట్టి, వల మీదికి వంగి ఉన్నాడు. పెద్దది చేస్తే కుడి భుజం మీద తాడు ఒరిసి కాయగట్టిన మచ్చ కనిపించింది.

"ఈయనే."

"ముఖం కనపడటం లేదు కదమ్మా."

మిగిలినవీ చూశాం. ముఖం ఎక్కడా లేదు.

"ఇదే పెద్దది చేసివ్వండి. ఆ భుజానికి రోజూ నూనె రాసింది నేనేగా, నాకు తెలీదా ఏంటి?" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

అంత పెద్ద ఫైళ్ళు దేనికని మిత్రులు ఇప్పటికీ అడుగుతారు. ఫోటో తీసేటప్పుడు అందులో రేపు ఎవరు ఎవర్ని వెతుక్కుంటారో మనకు తెలియదు. ఆ మచ్చ నాకు కెమెరా అద్దంలో కనిపించనే లేదు. నాగమణి గోడ మీద ఇప్పుడు ఆ వీపుకే దండ వేసి ఉంది.

మీరు అటు వెళ్తే కెమెరాలో మెమరీ కార్డు నిండుతుందని సైజు తగ్గించకండి, ఇంకో కార్డు దగ్గర పెట్టుకోండి. పనిలో ఉన్నవాళ్ళను అడిగి, నాలుగడుగులు చుట్టూ నడిచి, ఎదురుగా నిలబడి కూడా ఒకటి తీయండి.