సూదిని బూచిని చేసిన పెద్దలు

పిల్లలకు సూదంటే భయం పుట్టించింది నర్సులు కాదు, మన ఇళ్లలోని పెద్దలే. మొన్న మొయినాబాద్ దవాఖానలో, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ తండ్రి తన చిన్న కూతురితో, "సూది లేదు గీది లేదు, చాక్లెట్ ఇస్తరు, దా" అన్నాడు. స్పిరిట్ దూది వాసన తగలగానే ఆ పిల్ల బయటికి ఉరికింది. టీకా వేయించకుండానే ఆయన కారెక్కాడు.

ఆ వాసనకు నాకు ఎంకపల్లిలో మా ఇల్లు గుర్తొచ్చింది. దోస్తులారా, మీకూ గుర్తుందా? అన్నం తినకుంటే "సూదేయిస్త". నిద్రపోకుంటే "సూదేయిస్త". ఏడాదంతా ఇలా బెదిరించి, టీకా రోజున మాత్రం "మొగోనివి కాదార, ఏడుస్తవేంది?" అని ఎక్కిరించేవాళ్లు. ఏం తెలివి! ఇంట్లో నడిచే దొరతనం అంటే ఇదే. మా బాపు అందులో అందరికంటే ముందుండేవాడు.

ఒకసారి టీకా రోజున, ఒక్క అమ్మ మాత్రం నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నొప్పి అయితది బిడ్డా, జరసేపే. నన్ను గట్టిగ పట్టుకొని బుగ్గలు నింపి ఊదు" అంది.

"ముందుగాల్నే చెప్తే ఉరుకుతడే!" అన్నాడు బాపు.

నేను ఉరకలేదు. ఏడ్చాను, కానీ ఆమె చీర కొంగు పట్టుకుని అక్కడే ఏడ్చాను.

మొయినాబాద్‌లో ఉరికిన ఆ చిన్నపిల్లకు టీకా ఇంకా పడలేదు. ఆ రోజే కారు దగ్గరికి పోయి, వాళ్ల నాన్నతో గొడవపడి మరీ ఒప్పించాను. ఈ బుధవారం పొద్దున తొమ్మిదింటికి పిల్లను అదే దవాఖాన దగ్గరికి తీసుకొస్తానన్నాడు. మీరూ మీ పిల్లలతో రండి. కానీ సూది ఉంటుందని ఇంట్లోనే చెప్పి, తీసుకురండి.