సముద్రం పడని ఫోటో

1960ల్లో ఒక సాయంత్రం, కావలి తీరంలో మనిషిని మద్రాసుదాకా మోసుకుపోయే గాలి వీస్తోంది. ఏటవాలు ఎండకు అలలన్నీ బంగారమయ్యాయి. నా ఫిలింలో ఒక్క ఫోటోయే మిగిలింది. నొక్కబోతుంటే, పడవ దిగొచ్చిన పీటరనే యువకుడు అడ్డొచ్చాడు.

“అన్నా, నన్ను తియ్యి. మనుబోలులో పిల్లను చూసినాం, వాళ్లకు పంపాల.”

“సరే, సముద్రం ముందు నిలబడు.”

“వొద్దన్నా! సముద్రం మా ఊరికి ఆమడ దూరమని చెప్పినాం. చూస్తే వాళ్లమ్మ జడుసుకుంటాది, పిల్లనియ్యదు.”

త్రిలోకాల్లో దొరకని దృశ్యానికి వీపు చూపించి, అతణ్ణి ఒక గోడ ముందు నిలబెట్టి, ఉన్న ఆ ఒక్క ఫోటో తీశాను.

పీటర్ పెళ్లికి వెళ్లి దీవించబోతే, పెళ్లికూతురు గుసగుసగా అంది:

“ఆ ఫోటోలో ఈయన జుట్టు గాలికి నిట్టనిలువునా లేచినాక సముద్రం ఎక్కడ దాగుతాదన్నా? ఫోటో ఇంకా రాలేదని అమ్మకు చెప్పి, నేనే దాచిపెట్టినా!”