నవాబు రుచి చూసిన వాగు

జాన్ బాషా జట్కా ఎక్కినవాడు కోర్టుకు వెళ్ళాలన్నా, కాన్పుకు వెళ్ళాలన్నా ముందు వాగు దగ్గరికి వెళ్ళాల్సిందే.

"ఏమయ్యా బాషా, కోర్టు ఇటు కదా?"

"కోర్టు ఎక్కడికి పోద్దండీ ప్లీడరుగారూ! మీరెళ్ళినా వాయిదానే, వెళ్ళకపోయినా వాయిదానే. వాగు చూసి పోదాం."

వాదన నా వృత్తే అయినా, ఈ మాట విన్నాక గడియారం జేబులో పెట్టుకుని సర్దుకు కూర్చునేవాణ్ణి. ఒకసారి రోగిని చూడబోతున్న డాక్టరును కూడా వాగుకు తోలుకెళ్ళాడు. డాక్టరు ఆలస్యంగా రాబట్టే రోగి బతికాడని ఊళ్ళో గట్టి నమ్మకం. ఎన్నికలకు వచ్చిన ఒక నాయకుణ్ణి దింపితే, ఆయన అలవాటు చొప్పున అక్కడున్న గేదెల ముందు ఉపన్యాసం మొదలెట్టాడు. సాయంత్రం సభలో జనం కంటే గేదెలే ఓపిగ్గా విన్నాయని బాషా సాక్ష్యం.

ఇంతకీ అక్కడ ఉన్నది మోకాలి లోతు నీళ్ళు. అంతకుముందు అవీ లేవు. పత్తి జిన్నింగు మిల్లుల చెత్త, తూటికాడ, చచ్చిన కుక్కలు పేరుకుని ఉండేవి. దిగువనున్న పల్లెలోని క్రైస్తవులు ఒక వేసవంతా పారలు పట్టి వాగును బాగుచేసుకున్నారు. ఊరి బావిలో వాళ్ళని చేద వెయ్యనివ్వని ధర్మాత్ములం మనం. వాళ్ళకు నీళ్ళంటే ఆ వాగే. బాషా కూడా వాళ్ళతో తట్టలు మోశాడు. అప్పట్నుంచీ వాగుని తనే కన్నట్టు మాట్లాడేవాడు.

"అమరావతిలో కృష్ణ ఉందంటారు. ఉంటే ఉందండీ. దాన్ని ఎవరన్నా పార పట్టి తవ్వారా?"

వాగు దర్శనానికి ఒక పద్ధతి ఉంది. ముందు గుర్రం నవాబు మూతి పెట్టి రుచి చూడాలి. తాగితే బండెక్కిన బేరం దిగి మొహం కడుక్కోవచ్చు. బుస్సుమని తల విదిలిస్తే, "ఇయ్యాల వాగమ్మకు ఒంట్లో బాలేదండీ" అని బాషా బండి తిప్పేసేవాడు.

వాగమ్మ జబ్బు పేరు మిరపకాయల షావుకారు. ఆయన మనుషులు ఎగువన కారం గోతాలు ఉతికిన రోజు, దిగువన పిల్లలు ఒళ్ళు మంటలతో గంతులేసేవాళ్ళు. పల్లెలో ఎలీసమ్మ చంటిదాన్ని చంకనేసుకుని గట్టున నిలబడి కేకలేసేది: "మా పిల్లల్ని ఊరగాయ పెడతన్నాడమ్మా షావుకారు! ఇంక నూనె పోస్తే సరిపోద్ది!"

ఊళ్ళో పెద్దమనుషులం మేం ఊరుకోలేదు. ఖండన సభ పెట్టాం. ఆ సభకు షావుకారే అధ్యక్షత వహించి, దండ వేయించుకుని వెళ్ళాడు. గోతాలు మర్నాడూ వచ్చాయి.

ఆ మాఘమాసంలో ఒక పొద్దున షావుకారుకు కాబోయే వియ్యంకుడు వేటపాలెం నుంచి రైలు దిగాడు. పట్టుపంచె, జరీ కండువా. బాషా బండిలో నేనూ ఉన్నాను. మామూలుగానే బండి వాగుకు చేరింది. ఎగువన గోతాలు ఉతుకుతున్నారు. నవాబు మూతి పెట్టి, బుస్సుమని రెండడుగులు వెనక్కి వేసింది.

"పడిశం పట్టిందండీ దీనికి" అన్నాడు బాషా చాలా వినయంగా. "తమరు దిగి మొహం కడుక్కోండి. శుభకార్యానికి పోతన్నారు."

నేను నోరు తెరిచేలోగా ఆయన దోసిలి నింపాడు. ఆ తరవాత వేసిన కేక రైల్వే స్టేషనుకు వినపడే ఉంటుంది. ఎలీసమ్మ మజ్జిగ ముంతతో పరిగెత్తుకొచ్చింది. కులం అడగడం అటుంచి, కళ్ళు కూడా తెరవకుండా ఆయన మొహం అప్పగించేశాడు.

కళ్ళు తెరుచుకున్నాక ఆయన కంటికి మొదట ఆనింది గోతాల మీద షావుకారు మార్కా. అదే ఎర్రకళ్ళతో వియ్యాలవారింటికి వెళ్ళి నిలబడ్డాడు.

"బావగారూ, మా పిల్ల ఈ ఊళ్ళో నీళ్ళు పోసుకోవాలంటే ముందు మీ గోతాలు వాగులోంచి గట్టెక్కాలి."

ఖండన సభకు కదలని గోతాలు మర్నాటికల్లా షావుకారు పెరట్లో కొత్త తొట్టిలో మునిగాయి.

నేను బాషాను పట్టుకున్నాను. "నవాబుకు పడిశమా?"

"మరేం చెప్పమంటారండీ! ఆ వియ్యంకుణ్ణొక్కణ్ణే తోలుకెళితే పగబట్టి చేశాడని షావుకారు నా ఎముకలిరిచేవాడు. అందర్నీ తోలుకెళ్ళాననుకోండి, పిచ్చోడంటారు. పిచ్చోణ్ణి ఎవరూ కొట్టరుగదా."

"అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని తిప్పింది..."

"షావుకారు బంధువు ఒక్కడన్నా నా బండి ఎక్కకపోతాడా అనండీ."

"సరే, పని అయిపోయిందిగా. ఇవాళైనా నేరుగా కోర్టుకు పోనీ."

"అట్టాగేనండీ." కళ్ళెం కోర్టు వైపే లాగాడు. నవాబు మాత్రం మెడ తిప్పి వాగు దారి పట్టింది.

"నన్నేం చెయ్యమంటారు ప్లీడరుగారూ!" అన్నాడు బాషా కళ్ళెం వదులు చేస్తూ. "షావుకారు మీద నాకు నమ్మకమే. దీనికే ఇంకా కుదరలేదు. రోజూ రుచి చూడాలంటది."