పదమూడో గోలు

బిష్కెక్ బజారులో ఫోన్లు బాగుచేసే వరసలో నాదీ బురుల్‌దీ పక్కపక్క కొట్లు. నేను ఫోన్లకి తొడుగులు అమ్ముతాను. తను ముప్పైఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు, కానీ ఏదైనా మనసులో పెట్టుకుంటే మాత్రం చచ్చేదాకా మర్చిపోదు. నాకు అలాంటివాళ్ళే ఇష్టం.

పగలు ఫోన్లు విప్పేది. తెరిపి దొరికితే చేతిలో పట్టుకునే గేమ్ మెషిన్‌కి సొంతంగా ఆట రాసుకునేది. మన ఉలాక్ ఆటే: గుర్రాల మీంచి మేక కళేబరాన్ని లాక్కుని మైదానం చివరున్న పెద్ద గుండిగలో పడెయ్యడం, అదే గోలు. రెండేళ్ళు రాసింది. నాకేం తెలుసు ఆ విద్య? పక్కన కూర్చుని వినీ వినీ కొంత వంటబట్టింది. ఒక్కో పనికీ ఒక్కో థ్రెడ్ పుట్టించాలట. గుర్రాలు పరిగెత్తించడానికి ఒకటి, పాటకొకటి, జనం కేకలకొకటి. పని అయిపోయిన థ్రెడ్‌ని చెరిపెయ్యాలట. చెరపకపోతే చచ్చినా మెషిన్లో జాగా వదలదు, మా ఆడపడుచులాగా.

ఈ విద్య నేర్చుకుంటానని తాలాయ్ వచ్చాడు. పాతికేళ్ళవాడు. తోడబుట్టినట్టు "ఎజె, ఎజె" అని, అక్కా అక్కా అంటూ చుట్టూ తిరిగాడు. బురుల్ వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళి రొట్టె విరిచి పెట్టింది, ఆట మొత్తం రాతతో సహా చేతిలో పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు వెధవ! ఊళ్ళో కొత్తగా పెడుతున్న గేమ్ కంపెనీ ఒక పోటీ పెట్టింది, గెలిచినవాళ్ళకి ఉద్యోగం. ఉన్నది ఒక్కటే. బురుల్ గడువు ఆఖరి రోజున ఆట పంపిస్తే, "ఇది తాలాయ్ వారం కిందటే పంపాడు, మీరు కాపీ కొట్టారు" అని పేరు కొట్టేశారు. రెండేళ్ళ పాత రాతల తేదీలు చూపిస్తే, తేదీలు ఎవరైనా మార్చుకోవచ్చన్నారు.

"దొంగనట ఎజె, నేను!" అంది. ఏడవలేదు. నాకే కడుపు మండిపోయి, వాడు కనబడితే స్క్రూడ్రైవరు దింపుతానన్నాను.

"వద్దు. వాడే వస్తాడు చూడు," అంది.

వచ్చాడు కూడా, ఫోన్లో. పంపిన ఆటకి పోటీ రోజు దాకా మెరుగులు దిద్దుకోవచ్చట. హాల్లో ఆటలు ఆడిచూసే ఆ రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం, సమోసాలు తింటున్నాం, ఫోను మోగింది. బురుల్ స్పీకర్లో పెట్టింది.

"ఎజె, బాగున్నావా? మా స్నేహితుడికో సందేహం. గోలు పడితే జనం కేకలు రావట్లేదు."

బురుల్ కళ్ళు మెరిశాయి. ఆట మొదలవగానే తన పేరు కనిపించే బొమ్మ ఉండేది, దాన్ని చూపించే థ్రెడ్డే వెనకాల కేకల్ని సిద్ధం చేసేది. పేరు పీకేసినవాడు కేకల్నీ పీకేసుకున్నాడు.

"అదెంత పని నాయనా! గోలు పడ్డప్పుడల్లా ఒక కొత్త థ్రెడ్ పుట్టించమను. కేకలు అదే తెచ్చుకుంటుంది. ఒక్కోదానికి ఒక మెగాబైటు జాగా ఇమ్మను, ధారాళంగా."

"నువ్వు బంగారం, ఎజె!"

ఫోను పెట్టేశాక నేను విరుచుకుపడ్డాను. "నీకేమైనా మతిపోయిందా? దొంగకి తాళంచెవి ఇస్తావా?"

"చెరిపెయ్యమని చెప్పలేదుగా," అంది, నూనె వేళ్ళు తుడుచుకుంటూ. "ఆ మాట వాడికి వందసార్లు నేర్పాను. విన్నవాడైతే బతికిపోతాడు. లేకపోతే, మెషిన్లో మిగిలిన జాగా పన్నెండు మెగాబైట్లే."

ఇంట్లో నాలుగు గోల్స్ వేసి చూసుకుని మురిసిపోయుంటాడు. పోటీ రోజు మేమిద్దరం హాల్లో వెనక వరసలో కూర్చున్నాం. న్యాయనిర్ణేతల పెద్ద సబిర్కుల్ గారు స్వయంగా మెషిన్ పట్టుకుని తాలాయ్ ఆట మొదలుపెట్టాడు. గోడమీద పెద్ద తెర. ఒక్కో గోలుకీ జనం కేకలు, హాల్లో చప్పట్లు. బురుల్ నా చేతిమీద వేలితో లెక్కపెడుతోంది. పదకొండు. పన్నెండు. పదమూడో మేక గుండిగలో పడింది, గుర్రాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి.

"మెషిన్ పాతదండీ," అన్నాడు తాలాయ్.

బురుల్ లేచింది. "మెషిన్ మంచిదే. ఇంకోటి తెచ్చి ఆడండి. మళ్ళీ పదమూడో గోలుకే ఆగుతుంది."

ఇంకోటి తెచ్చారు. ఈసారి హాలంతా లెక్కపెట్టింది. పదమూడుకి ఆగింది. వాడి మొహం చూడాలి! ఎర్రబడిపోయి బురుల్ వైపు వేలెత్తి అరిచాడు: "ఇదే నాకు ఇలా రాయమంది! కావాలనే చెప్పింది!"

సబిర్కుల్ గారు మెషిన్ బల్లమీద పెట్టాడు. "ఆట నువ్వే రాశావన్నావు కదయ్యా. అందులో ఏం రాయాలో ఆవిణ్ణెందుకు అడిగావు?"

పోటీలోంచి తీసేసిన బురుల్ ఆట తెప్పించి ఆడారు. ఇరవై గోల్స్ దాటినా ఆగలేదు. అక్కడే అందరి ముందూ ఆమెకి క్షమాపణ చెప్పి, సోమవారం పనిలోకి రమ్మన్నారు.

బయట మెట్లమీద తాలాయ్ అడ్డం వచ్చాడు, కళ్ళనీళ్ళతో. "ఎజె, ఉద్యోగం వచ్చేసినట్టేనని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు తనకేం చెప్పను?"

నా మనసు ఒక్క క్షణం మెత్తబడింది, అబద్ధమెందుకు. బురుల్‌ది మెత్తబడలేదు.

"నిజం చెప్పు," అంది. "జన్మలో ఒక్కటైనా నీ సొంతంగా చెప్పినట్టుంటుంది."