మొహం మీద వేయని లైటు

లైటు రూములో పనిచేసేవాడికి నాటకం లైట్లు కూడా వచ్చి తీరతాయని గోదావరిఖనిలో ఎవరు కనిపెట్టారో గాని, ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. గనిలోకి దిగేవాళ్ళ నెత్తి దీపాలకు చార్జింగ్ పెట్టడం, షిఫ్టు మొదట్లో కిటికీలోంచి అందించడం, షిఫ్టు విడిచాక తిరిగి తీసుకోవడం, ఇదీ నా డ్యూటీ. అంతకు ముందు నేనూ కిందికి దిగి బొగ్గు ఎత్తినవాణ్ణే. పైకప్పు కూలి కాలు నలిగాక నన్ను పైకి మార్చారు. ఇందులో నాటకం ఎక్కడుంది? "నువ్వు లైట్లకాడనే ఉంటవు గదనే, నువ్వు గాకపోతే ఎవలు చేస్తరు?" అన్నారు క్లబ్బువాళ్ళు. కాదంటే వినే రకాలు కాదు.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. మా కాలనీ క్లబ్బు హాలు చిన్నది. నూట యాభై మంది కూర్చుంటే ఒకరి మోకాలు ఒకరి వీపులో ఉండేది. వేదిక అంటే మూరెడు ఎత్తు సిమెంటు అరుగు. నాటకం రాసి ఆడిస్తున్నది మంథని నుంచి వచ్చిన బడిపంతులు. కథ గని లోపలిది. వేషాలు వేసే నలుగురూ బొగ్గు ఎత్తేవాళ్ళు. పంతులు మాత్రం జన్మలో గని మొహం చూడలేదు, అయినా బొగ్గు ఎట్లా ఎత్తాలో ఆ నలుగురికే చెప్పేవాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే.

నేను ముందు నాలుగు, వెనక రెండు పెద్ద బల్బులు కట్టి, ఒకదానికి ఎర్ర కాయితం చుట్టాను. స్విచ్ వేస్తే వేదిక పెళ్ళిపందిరిలా ధగధగలాడింది. గోనెసంచులకు తారు పూసి కట్టిన బొగ్గుగోడ మీద దబ్బనం కుట్లు కూడా లెక్కపెట్టవచ్చు. అందరూ శభాష్ అన్నారు. నేనూ పొంగిపోయాను, దాచుకోవడం దేనికి.

అప్పుడే హాలు ఊడ్వడానికి అక్క వచ్చింది. తోడబుట్టింది కాదు, ఊరి వరసకు అక్క. ఆమె భర్తను నేను బావా అనేవాణ్ణి. ఆయనా నేనూ ఒకే చోట బొగ్గు ఎత్తేవాళ్ళం. నా కాలు నలిగిన రోజునే ఆయన పోయాడు. ఆ తరవాత అక్కకు క్లబ్బులో ఊడ్చే పని ఇచ్చారు. చీపురు పట్టుకుని చాలాసేపు ఆ వెలుగునే చూసి, "నువ్వు చెప్పింది నిజమేనన్నట్టు తమ్మీ. కింద గింత ఎలుగుంటదా!" అంది. ఆ మాటతో నా పొంగు చప్పున దిగిపోయింది.

ఎందుకంటే ఆమెకు నేను అబద్ధం చెప్పాను. దవాఖానలో నా మంచం పక్కన కూర్చుని ఆమె అడిగింది ఒకటే మాట: "చీకట్లనే పోయిండా తమ్మీ?" నేను గోడకేసి చూస్తూ, "లేదక్కా, కింద కరెంటు లైట్లుంటయి, పట్టపగలోలె ఉంటది" అన్నాను. ఆడవాళ్ళు కిందికి దిగరు కాబట్టి ఆ అబద్ధానికి ఢోకా లేదు. కాలనీలో ప్రతి మగవాడూ ఇంట్లో అదే చెప్పాడని నాకు తరవాత తెలిసింది. అంత వెలుగుంటే నెత్తికి దీపమెందుకని ఏ ఇల్లాలూ అడిగేది కాదు. అడిగితే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు మరి.

కాబట్టి ఆ పెళ్ళిపందిరి లైట్లే నాకు మేలు. అక్క చూస్తుంది, సంతోషపడుతుంది, నా అబద్ధం కలకాలం బతుకుతుంది. అట్లాగే జరిగేది కూడా. కానీ ఒకనాడు పొద్దుగూకాక, రిహార్సల్ మధ్యలో కరెంటు పోయింది.

వేషాల కోసమని మా ఇన్‌చార్జిని అడిగి పాత నెత్తి దీపాలు నాలుగు ముందే తెచ్చి పెట్టి ఉంచాను. నలుగురూ అవి వెలిగించుకుని మాటలు కొనసాగించారు. అంతే. అప్పటిదాకా చేతులూపుతూ గొంతు చించుకున్నవాళ్ళు ఒక్కసారిగా నెమ్మదించారు. ఒకడు గొంతుక్కూర్చున్నాడు. ఒకడు మాట మధ్యలో ఆగి పైకప్పు మీదికి దీపం తిప్పి, చెవి రిక్కించి, మళ్ళీ మాట అందుకున్నాడు. పంతులు రాసింది కాదది. ఎవరూ చెప్పకుండానే శరీరాలు గనిలోకి దిగిపోయాయి. పదేళ్ళు ఆ చీకట్లో పనిచేసి కూడా నేను చీకటిని చూడలేదు. లోపలున్నవాడికి పని కనిపిస్తుంది గాని చీకటి కనిపించదు. మొదటిసారి బయట కూర్చుని చూస్తే, అంత నల్లటిదాని ముందు నాలుగు దీపాలు అంతంత మాత్రమే. వీటితోనా మేం ఇన్నాళ్ళూ పోయి వచ్చాం?

కరెంటు వచ్చేసరికి పంతులు కళ్ళు తుడుచుకుంటున్నాడు. "గిదా మీరు రోజు పోయేది? ఇగ నీ బల్బులు ఇప్పెయ్యి" అన్నాడు. నేను నసిగాను. వేషగాళ్ళు నాకంటే ఎక్కువ నసిగారు, వాళ్ళకూ ఇళ్ళల్లో పెళ్ళాలున్నారు. పంతులు వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా అడ్డుపడలేదు. ఒకసారి అట్లాంటిది చూశాక ఎర్ర కాయితం చుట్టిన బల్బు మొహం ఎవడు చూస్తాడు!

కానీ ఒక చిక్కొచ్చింది. మొహాలు కనిపించడం లేదు. కింద మేం ఎదుటివాడి మొహం మీద లైటు వేయం. వేస్తే వాడికి కళ్ళు బైర్లు కమ్మి కాసేపు ఏమీ కనిపించదు, ఆ కాసేపట్లో పైనుంచి ఏది ఊడిపడ్డా తప్పుకోలేడు. మాట్లాడాలంటే తల వంచి వాడి ఛాతి మీద వేస్తాం. కొత్తవాడు మొదటిరోజు తినే తిట్లు దీనికే. "మొకం మీద ఎయ్యుండ్రయ్యా, జనం చూడొద్దా?" అని పంతులు నెత్తి మొత్తుకున్నాడు. వాళ్ళు సరేననేవాళ్ళు, మాట మొదలుకాగానే నలుగురి తలలూ వాటంతటవే వంగేవి. మూడు రోజులు ఇదే రామాయణం. నేను వేదిక పక్కనుంచి చిన్న బల్బు పెట్టి చూశాను, ఆ చీకటి అంతా చెడిపోయింది.

నాలుగో రోజు ఒకడు డ్యూటీ దిగి స్నానం చేసి, ఉతికిన తెల్ల బనీనుతో వచ్చి నిలబడ్డాడు. ఎదుటివాడి దీపం అలవాటుగా అతని ఛాతి మీద పడింది. ఆ తెలుపు మీద పడ్డ వెలుగు పైకి లేచి మొహమంతా పరుచుకుంది. గడ్డం, చెంపలు, కనురెప్పలు, అన్నీ చీకట్లోంచి మెల్లగా పైకొచ్చాయి.

ఇక ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. నలుగురికీ తెల్ల బనీన్లు తొడిగించాను. నాలుగడుగుల దూరంలో నిలబడితే వెలుగు మొహానికి అందుతుంది, ఆరడుగులైతే చెదిరిపోతుంది. అరుగు మీద సుద్దతో గీతలు గీశాను. గోనెసంచుల వెనక, ఎక్కడో దూరాన, ఒకే ఒక్క చిన్న బల్బు. అన్నిటికన్నా వింత ఇంకొకటి. ఎవడి దీపం వాడి మొహానికి పనికిరాదు, పక్కవాడు ఇటు తిరిగితేనే వాడికి మొహం వస్తుంది. ఎవరు ఎప్పుడు ఎవరివైపు తిరగాలో పంతులూ నేనూ కూర్చుని రాసుకున్నాం. బతుకంతా తెలిసిన సంగతే, అయినా కొత్తగా చూసి ఇద్దరం తబ్బిబ్బయ్యాం.

ఈ సంబరంలో అక్కను మరిచిపోయాననుకోకండి. శనివారం వెళ్ళి, "అక్కా, రేపు నువ్వు నాటకానికి రాకు" అన్నాను. "ఎందుకు రావద్దు?" అంది. "ఊకెనే" అని వచ్చేశాను. ఊకెనే అంటే ఆగుతుందా మనిషి!

సెకండ్ షిఫ్టువాళ్ళకూ నైట్ షిఫ్టువాళ్ళకూ సెలవు దొరికేది ఆదివారమే, కాబట్టి ఆట మధ్యాహ్నం రెండు గంటలకు. బయట మండే ఎండ. గనిలో గాలి మళ్ళించడానికి కట్టే మందపాటి గుడ్డలు కిటికీలకు బిగించాం. అక్క ముందు వరసలో కూర్చుంది. తలుపు వేసి, చిన్న బల్బు కూడా ఆర్పేశాను. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తరవాత ఒక దీపం వెలిగింది. ఎదురుగా ఒక మొహం లేచింది. "అవ్వో, గది మా ఆయనే" అని ఎవరో గొణిగారు. ఆ తరవాత గంటన్నరసేపు పసిపిల్లలు కూడా ఏడవలేదు. ఆ చిన్న హాలు అంత లోతు ఎట్లా అయిందో, చేసినవాణ్ణి నాకే అర్థం కాలేదు.

ఆట అయ్యాక చప్పట్లు వెంటనే రాలేదు. తలుపులు తెరిస్తే ఆడవాళ్ళు మొగుళ్ళను చూస్తూ బయటికి నడిచారు, మొగుళ్ళు నేల చూపులు చూస్తూ నడిచారు. అక్క లేవలేదు. నేను వెళ్ళి అరుగు అంచున కూర్చున్నాను.

"నాకు అబద్ధం చెప్పినవ్" అంది.

"చెప్పినక్కా."

ఆమె కోపంగా లేదు. చీకటిగా ఉన్న ఆ గోనెసంచుల వైపే చూస్తోంది. "ఆఖరికి ఆయన మీద ఎవలి లైటుండె?"

"నాదే. నా కాలు బండ కిందుంది, మెడ మాత్రం తిరిగింది."

"ఛాతి మీద ఏసినవా?"

"లేదక్కా. ఛాతి మీద బొగ్గు వడ్డది. మొకం మీదనే ఏసిన. ఉన్నడో లేడో తెల్వాలె గదా."

"ఏమన్న అన్నడా?"

ఇన్నేళ్ళూ ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. "కండ్లు మూసుకొని, 'లైటు దించురా బామ్మర్దీ' అన్నడు. గంతే, ఇగ మాట్లాడలే."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేకపోయాను. కాసేపటికి కొంగు తీసింది.

"దించినవా?"

"దించలే అక్కా. చీకట్ల ఎట్ల ఇడిసిపెడుత?"