మరియమ్మక్క స్టూలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పొద్దున లేస్తే మనుషుల రక్తంతోనే నా పని. అలాంటి వాటికి భయపడితే పూట గడవదు. అయినా ఇది మాత్రం జరిగింది.

గౌలిపురలో మాది చిన్న ల్యాబ్. కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపున రమ్మంటాం. మా పేటలో చాయ్‌ని ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు. అందుకే కిటికీ దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే మరియమ్మక్క పేరు కన్నా ముందు అదే అడిగేది. "చాయ్ గిట్ట తాగినవా? నిజం జెప్పు." అనుమానమొస్తే ఎంత పెద్దమనిషినైనా రేపు రమ్మని పంపేసేది. ఎంత లొల్లి చేసినా వినేది కాదు. ఆమె అంటే నాకు ప్రాణం.

నిరుడు ఆమె పోయింది. ఆ తర్వాత ఆటోమేటిక్ మెషిన్ వచ్చింది. ట్యూబులు వరసగా పెడితే చాలు, రక్తంలోని కొవ్వులన్నీ అదే కొలిచి రిపోర్టు ఇచ్చేస్తుంది. చాయ్ సంగతి మాత్రం అడగదు. కిటికీ దగ్గర స్టూలు ఖాళీగానే ఉండిపోయింది.

మా బాపుకు గుండెలో స్టెంట్ వేశారు. కొత్త రిపోర్టు చూశాక కొలెస్ట్రాల్ మందు పెంచాలో వద్దో చెప్తానన్నారు డాక్టరు. ఉన్న మందుకే కాళ్లు లాగేసి బాపు నడవలేకపోతున్నాడు. ఇంకా పెంచితే మంచం పడతాడేమోనని నాకు ఒకటే బెంగ. ఆయన మొదటిసారి మా ల్యాబుకు వచ్చాడు. నేనే రక్తం తీసి, సీరం వేరు చేసి, మెషిన్‌లో పెట్టాను.

మెషిన్ ఆగిపోయింది. ట్యూబులో రక్తం గడ్డ ఉందంటోంది. వెలుతురులో పట్టి చూశాను, ఏమీ లేదు. వేరే ట్యూబులోకి మార్చినా అదే మాట. దాన్ని తీసి పక్కన పెడితే మిగతా వాళ్లవన్నీ చకచకా చేసేసింది.

"ఏంది బాపు, ఏమన్న తిన్నవా?" అని విసుగ్గా అడిగాను.

ఆయన తల గోక్కున్నాడు. "జరంత మలాయి ఏసుకొని చాయ్ తాగిన బిడ్డా. గా కిటికీ కాడి అమ్మకు తాగలేదనే జెప్పిన. 'అన్నా, అబద్ధమాడకు, రేపు రా' అన్నది. నవ్వుకుంట లోపలికొచ్చిన."

"ఏ అమ్మ?"

"చేతి గడియారం పట్టీల దస్తీ పెట్టుకున్నది సూడు, గామె."

మరియమ్మక్క చేతిరుమాలు ఎప్పుడూ ఆ గడియారం పట్టీలోనే ఉండేది. బాపు ఆమెను ఏనాడూ చూడలేదు. ల్యాబులో ఆమె ఫొటో కూడా లేదు.

మర్నాడు నిజంగానే పరగడుపున వచ్చాడు. మెషిన్ ఒక్కసారికే తీసుకుంది. కొవ్వులు హద్దులోనే ఉన్నాయి, డాక్టరు మందు పెంచలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంజనీరును పిలిపిస్తే మెషిన్‌లో ఏ లోపమూ లేదన్నాడు.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ బాపు కిటికీ వైపు వంగి, "ఇయ్యాల తాగలేదమ్మా, ఒట్టు" అన్నాడు. నాకు అక్కడ ఖాళీ స్టూలే కనిపించింది. ఆమె పోయిందని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే మెషిన్ ఆన్ చేసే ముందు ఆ స్టూలు తుడుస్తున్నాను. దయ్యాలను నమ్మి కాదు. అక్కకు దుమ్ము పడదు.